రెగ్యులేటర్ కంటే ముందు క్రోనోగ్రాఫ్

2012 జూలై 30, లండన్ ఒలింపిక్స్. పురుషుల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్ ముగిసేసరికి రుమేనియా షూటర్ అలిన్ మోల్దొవెయాను 702.1తో స్వర్ణం, ఇటలీకి చెందిన నికోలో కాంప్రియానీ 701.5తో రజతం, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1తో కాంస్యం అందుకున్నారు. రజతానికీ కాంస్యానికీ తేడా 0.4 పాయింటు. ఈ ఆటలో దశాంశ లెక్క ప్రకారం 0.1 పాయింటు పోవాలంటే పెల్లెట్ పావు మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు. ఆ లెక్కన 0.4 అంటే ఒక్క మిల్లీమీటరు.

ఈ టార్గెట్ మధ్యలో ఉండే పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. పది మీటర్ల దూరం నుంచి అది కంటికి ఆనదు, చుట్టూ ఉన్న నల్లటి గుండ్రం మాత్రమే కనిపిస్తుంది. మ్యాచ్ రైఫిల్ నుంచి అర గ్రాము పైచిలుకు బరువున్న పెల్లెట్ సెకనుకు సుమారు 175 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. టార్గెట్‌ను చేరేలోపు భూమ్యాకర్షణకు 16 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం 172కి తగ్గితే ఇంకో అర మిల్లీమీటరు దిగుతుంది. చేయి వణకలేదు, ట్రిగ్గర్ లాగడంలో తప్పు లేదు, గురి చెదరలేదు. అయినా 0.2 పాయింటు పోయింది. అరవై షాట్ల పోటీలో ఇలాంటివి నాలుగు పడితే ఫైనల్ చేరేవాళ్ళ జాబితా మారిపోతుంది.

ఈ లెక్క తయారీదారులకు బాగా తెలుసు. అందుకే ఫైన్‌వెర్క్‌బౌ, వాల్థర్, స్టయర్ వంటి కంపెనీల మ్యాచ్ రైఫిళ్ళలో గాలి పీడనాన్ని ఒకే స్థాయిలో ఉంచే ప్రెజర్ రెగ్యులేటర్ పుట్టుకతోనే ఉంటుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ రజతం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ విభాగంలోనూ అంతే. పోటీ స్థాయి ఆయుధం కొనేవాళ్ళకు రెగ్యులేటర్ కావాలా వద్దా అన్న ప్రశ్నే ఎదురుకాదు.

ఎదురయ్యేది మిగతావాళ్ళకు. వికారాబాద్‌లోనో తాండూరులోనో ఉంటూ, హైదరాబాద్ రేంజ్‌కు వారానికోసారి వెళ్ళడమే గగనమై, ఇంటి వెనక గోడకు మట్టి మూటలు పేర్చి సాధన చేసుకునే కుర్రాళ్ళకు. తాండూరు నుంచి గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజ్ వంద కిలోమీటర్ల పైమాటే. వాళ్ళ చేతిలో ఉండేది చాలాసార్లు దేశీ పీసీపీ, అంటే ముందే గాలి నింపుకునే రైఫిల్. మహారాష్ట్రకు చెందిన ప్రెసిహోల్ స్పోర్ట్స్ వంటి సంస్థలు వచ్చాక ఇవి మధ్యతరగతికి కాస్త అందుబాటులోకి వచ్చాయి. కొన్న ఆరు నెలలకు ఎవరో ఒకరు చెవిలో వేస్తారు: “రెగ్యులేటర్ వేయించలేదా అన్నా? అది లేకుంటే ఏం లాభం?”

లాభం ఉందో లేదో తేల్చుకోవాలంటే ముందు అది లేనప్పుడు తుపాకీ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

సిలిండర్‌లో 200 బార్ గాలి ఉంటుంది. వాతావరణ పీడనానికి దాదాపు రెండు వందల రెట్లు. దాన్ని మూసి ఉంచేది చిన్న వాల్వ్. ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగ్ తోసిన హామర్ వెళ్ళి వాల్వ్ కాడను కొడుతుంది. వాల్వ్ రెప్పపాటులో నూరో వంతు సేపు తెరుచుకుని మూసుకుంటుంది. ఆ సందులోంచి వచ్చిన గాలే పెల్లెట్‌ను తోస్తుంది. ఇక్కడొక తిరకాసు ఉంది. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు లోపలి పీడనమే వాల్వ్‌ను గట్టిగా మూసిపట్టి హామర్‌ను ఎదిరిస్తుంది. వాల్వ్ కొద్దిగానే తెరుచుకుని చప్పున మూసుకుంటుంది. గాలి బలంగా వచ్చినా కొద్దిగానే వస్తుంది. షాట్లు పడేకొద్దీ పీడనం తగ్గుతుంది, వాల్వ్ ఇంకాస్త ఎక్కువసేపు తెరుచుకుంటుంది, పెల్లెట్ వేగం పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక వాల్వ్ ఎంతసేపు తెరుచుకున్నా తోయడానికి తగినంత పీడనం మిగలదు, వేగం పడిపోతుంది.

వీటన్నిటినీ గ్రాఫు మీద పెడితే చిన్న గుట్టలాంటి గీత వస్తుంది. ఉదాహరణకు 200 బార్ దగ్గర సెకనుకు 232 మీటర్లతో మొదలై, 165 బార్ దగ్గర 245కి ఎక్కి, 125 బార్‌కు వచ్చేసరికి మళ్ళీ 232కి దిగవచ్చు. అంకెలు తుపాకీని బట్టి మారతాయి, గీత ఆకారం మారదు. చిత్రమేమిటంటే, ఈ సాదా వాల్వ్ తన లోపాన్ని తానే కొంతవరకు సర్దుకుంటోంది. పీడనం మూడో వంతుకు పైగా తగ్గినా వేగంలో వచ్చిన తేడా ఐదారు శాతమే.

గాలి తగ్గేకొద్దీ బలం ఉడగడం చరిత్రలోనూ ఉంది. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన గిరార్డోని గాలి తుపాకీకి వెనక దిమ్మే గాలి తిత్తి. అమెరికా పడమటి తీరానికి దారి వెతుక్కుంటూ వెళ్ళిన లూయిస్, క్లార్క్‌ల బృందం వెంట కూడా ఒకటి ఉంది. వెయ్యిసార్లకు పైగా పంపు కొట్టి తిత్తి నింపాలి, ముప్పై షాట్లు కొట్టేసరికి బలం ఉడిగిపోయేది. పంపు కొట్టే బాధ రెండు శతాబ్దాల తర్వాత కూడా పీసీపీ యజమానులను వదల్లేదనుకోండి.

రెగ్యులేటర్ చేసేది వంటగదిలో గ్యాస్ సిలిండర్ మూతి మీద ఉండే దాని పనే. సిలిండర్ నిండుగా ఉన్నా అడుగంటుతున్నా పొయ్యికి వెళ్ళే ఒత్తిడి మారదు. రైఫిల్‌లో సిలిండర్‌కూ వాల్వ్‌కూ మధ్య ఇది కూర్చుంటుంది. లోపల ఒక పిస్టన్, దాని కింద గిన్నెల్లా వంగిన స్ప్రింగ్ వాషర్ల దొంతర, కొన్ని ఓ-రింగులు, గాలిని ఆపే చిన్న సీటు. దాన్ని 120 బార్‌కు అమర్చితే, దాటిన తర్వాత ఉండే చిన్న గదిలోకి 120 బార్ గాలే చేరుతుంది, ఆపై సీటు మూసుకుంటుంది. ఆ గదిని ప్లీనమ్ అంటారు. సిలిండర్‌లో 200 ఉన్నా 130 ఉన్నా హామర్ కొట్టే వాల్వ్ వెనక ఎప్పుడూ అదే 120. గ్రాఫులో గుట్ట పోయి బల్లపరుపు గీత వస్తుంది. సిలిండర్ పీడనం 120 కంటే కిందికి దిగినప్పుడు మాత్రం రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, వేగం జారడం మొదలవుతుంది.

బాగా కుదిర్చిన తుపాకీలో దీనివల్ల ఒక్కసారి నింపిన గాలికి పనికొచ్చే షాట్లు కూడా పెరుగుతాయి. వాల్వ్ ఇక 200 బార్‌తో పోరాడక్కర్లేదు కాబట్టి హామర్ స్ప్రింగ్ బిగువు తగ్గించవచ్చు, షాట్ షాట్‌కూ వృథా అయ్యే గాలి తగ్గుతుంది. హ్యాండ్ పంప్ కొట్టేవాడి భుజాలకు ఇది చిన్న మేలు కాదు.

అయితే దుకాణాల్లో వినిపించే రెండు మాటలు పక్కన పెట్టాలి. రెగ్యులేటర్ వేస్తే పవర్ పెరుగుతుందన్నది మొదటిది. వాల్వ్‌కు చేరే పీడనాన్ని తగ్గించే పరికరం తనంతట తాను శక్తిని పెంచలేదు. ప్లీనమ్ పెద్దది చేసి, స్ప్రింగ్ మార్చి, బిగువు పెంచితే పెరగవచ్చు. అప్పుడు అసలు చిక్కు చట్టంతో వస్తుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళాల బోరు, 20 జౌళ్ళ శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కే లైసెన్స్ అక్కర్లేదు. లెక్క తేలిక: పెల్లెట్ బరువు గ్రాముల్లో, దాన్ని వేగంతో రెండుసార్లు గుణించి 2000తో భాగించాలి. 0.54 గ్రాముల పెల్లెట్ సెకనుకు 272 మీటర్ల దగ్గర 20 జౌళ్ళ గీతను తాకుతుంది. రెగ్యులేటర్ వేయించి తెచ్చుకున్న రోజే ఈ లెక్క మళ్ళీ వేసుకోవాలి, బరువైన పెల్లెట్‌తో కూడా.

రెండోది, రెగ్యులేటర్ వేస్తే గురి కుదురుతుందన్న మాట. ఇందులో సగమే నిజం. వేగం తేడా వల్ల పెల్లెట్ పైకీ కిందికీ మాత్రమే చెదురుతుంది, పక్కలకు కాదు. కాగితం మీద రంధ్రాలు నిలువుగా సాగి ఉంటే రెగ్యులేటర్ గురించి ఆలోచించవచ్చు. అడ్డంగా పరుచుకుని ఉంటే గాలివాటం, ట్రిగ్గర్ మీద వేలు, భుజానికి ఆన్చిన తీరు, బ్యారెల్ మురికి, నాసిరకం పెల్లెట్లు వీటిలో ఏదో ఒకటి తప్పు. గుండ్రంగా చెదిరి ఉంటే అన్నీ కలిసి. ఈ ఒక్క పరీక్షకు పైసా ఖర్చు లేదు, కానీ చాలామంది దీన్ని దాటేసి నేరుగా పార్ట్స్ ఆర్డర్ పెడతారు.

దూరం ఇంకో సంగతి. సెకనుకు 240 మీటర్ల వేగమున్న మామూలు పీసీపీలో వేగం ఐదు శాతం తగ్గిందనుకుంటే, 10 మీటర్ల దగ్గర పెల్లెట్ దాదాపు ఒక మిల్లీమీటరు కింద పడుతుంది. పెల్లెట్ వెడల్పే నాలుగున్నర. డబ్బాలు కొట్టుకునేవాడికి, గురి పట్టడం నేర్చుకుంటున్నవాడికి ఆ మిల్లీమీటరుతో పని లేదు. 25 మీటర్ల దగ్గర తేడా ఆరేడు మిల్లీమీటర్లు. 50 మీటర్ల దగ్గర మూడు సెంటీమీటర్లు దాటుతుంది, అక్కడ రెగ్యులేటర్ లేని తుపాకీతో చిన్న గుంపు కొట్టడం తలకు మించిన పని. కాబట్టి తీర్పు ఇలా ఉండాలి: ఇంటి పెరట్లో పది పదిహేను మీటర్ల సాధనకు రెగ్యులేటర్ విలాసం. తుపాకీని బల్ల మీద ఆన్చి కొట్టే యాభై మీటర్ల బెంచ్‌రెస్ట్ వైపు మనసు పోతే అవసరం. పాతిక మీటర్ల దగ్గర ఉన్నవాళ్ళకు సమాధానం క్రోనోగ్రాఫ్ చెప్పాలి.

క్రోనోగ్రాఫ్ అంటే పెల్లెట్ వేగం కొలిచే పరికరం, షూటర్ల నోట క్రోనో. రెగ్యులేటర్ కంటే ముందు డబ్బు పెట్టాల్సింది దీని మీద. కొనలేకపోతే తెలిసినవాళ్ళ దగ్గర ఒక పూట అడిగి తెచ్చుకున్నా సరిపోతుంది. సిలిండర్‌ను తయారీదారు చెప్పిన గరిష్ఠ స్థాయి వరకు నింపి, ఒకే డబ్బాలోని పెల్లెట్లతో, ప్రతి షాట్‌కూ వేగం, గేజ్ మీద పీడనం రెండూ రాసుకుంటూ పోవాలి. వేగం బాగా పడిపోయేదాకా ఆపకూడదు. అప్పుడు గుట్ట ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతోందో కాగితం మీదే కనిపిస్తుంది.

ఆ గుట్ట తల మీద చదునైన భాగం ఒకటి ఉంటుంది. పైన చెప్పిన ఉదాహరణలో అది 185 నుంచి 145 బార్ మధ్య పడవచ్చు. ఆ తుపాకీని ఇకపై 200 వరకు నింపడం మానేసి 185 దగ్గర ఆపి, 145కు రాగానే మళ్ళీ నింపితే చాలు. షాట్లు కొన్ని తగ్గుతాయి. వేగంలో తేడా మాత్రం సగానికి సగం దిగిపోతుంది, పంపుకు కూడా పై పదిహేను బార్‌ల బాధ తప్పుతుంది. హ్యాండ్ పంప్‌తో నింపేవాళ్ళకు తెలుసు, ఆ చివరి బార్‌లే నడుము విరిచేది. డబ్బు పెట్టకుండా రెగ్యులేటర్ ఇచ్చే మేలులో ఎక్కువ భాగం ఇలాగే దొరుకుతుంది. తక్కువ శక్తి రైఫిళ్ళలో ఈ చదునైన భాగం మరింత పొడవుగా ఉంటుంది కాబట్టి 20 జౌళ్ళ లోపు వాళ్ళకు ఇది ఇంకా కలిసొచ్చే దారి.

ఇక ఊరి సంగతి. ఎక్కడో చల్లటి దేశంలో రాసిన సలహాలు తాండూరు ఎండకు సరిపోవు. వేసవి తెల్లవారుజామున 20 డిగ్రీల గదిలో 200 బార్ నింపిన సిలిండర్‌ను మధ్యాహ్నం 40 డిగ్రీలకు తెస్తే లోపలి పీడనం 213 దాటుతుంది. రెగ్యులేటర్ లేని తుపాకీలో వాల్వ్ ఇంకా బిగుసుకుని మొదటి షాట్లు నెమ్మదిస్తాయి. రెగ్యులేటర్ ఉన్నదానిలో పిస్టన్‌ను నిలిపేది స్ప్రింగ్ కాబట్టి ప్లీనమ్ పీడనం పెద్దగా కదలదు. అంటే ఎండలో సాధన చేసేవాళ్ళకు రెగ్యులేటర్ పక్షాన ఒక ఓటు ఎక్కువ. అయితే సిలిండర్ గరిష్ఠ పరిమితి 200 బార్ అయినప్పుడు 213 ప్రమాదకరమన్నది రెండింటికీ వర్తిస్తుంది. వేసవిలో పది శాతం తక్కువ నింపడం, మూసిన కారులో వదలకపోవడం మంచిది.

వికారాబాద్ వైపు కథ వేరు. “వికారాబాద్ కా హవా, లాఖోం మరీజోంకా దవా” (వికారాబాద్ గాలి లక్షల రోగులకు మందు) అని నిజాం కాలం నుంచి చెప్పుకుంటారు. అనంతగిరి గుట్టల మీద క్షయ రోగుల ఆసుపత్రి వెలిసింది ఆ గాలిని నమ్మే. ఊపిరితిత్తులకు మందైన ఆ గాలే వానాకాలంలో హ్యాండ్ పంప్‌కు పడదు. గాలిని రెండు వందల రెట్లు అదిమినప్పుడు అందులోని తేమ నీటి చుక్కలుగా బయటపడుతుంది. ఆ చుక్కలు సిలిండర్‌లో తుప్పుగా, రెగ్యులేటర్ సీటు దగ్గర మరకలుగా మిగులుతాయి. పంపుకు సిలికా జెల్ ఫిల్టర్ తప్పనిసరి, రంగు మారగానే గింజలు మార్చాలి. నాలుగైదు నిమిషాలు కొట్టి, పంపు చల్లారనిచ్చి, తేమ వదిలే స్క్రూ తిప్పి, మళ్ళీ కొట్టాలి. గుట్టల మీద గాలి పలచబడి రెగ్యులేటర్ లెక్క తప్పుతుందేమోనన్న అనుమానం కొందరికి ఉంటుంది. వంద మీటర్ల ఎత్తుకు వాతావరణ పీడనం తగ్గేది బార్‌లో నూరో వంతు. 120 బార్ ముందు అది లెక్కలోకి రాదు.

తాండూరుకు వస్తే శత్రువు బండల దుమ్ము. పాలిషింగ్ యూనిట్లు ఉన్న వీధుల్లో ఆ తెల్లటి పొడి కిటికీ చువ్వల మీద, కందిచేల ఆకుల మీద కూడా కనిపిస్తుంది. రెగ్యులేటర్ లేని తుపాకీలో సన్నని పొడి దూరితే చాలాసార్లు వాల్వ్ దాన్ని ఊదేసి బతికిపోతుంది. రెగ్యులేటర్ సీటు అలా కాదు. దాని మీద ఒక్క నలుసు కూర్చున్నా సరిగ్గా మూసుకోదు, సిలిండర్ గాలి కొద్దికొద్దిగా ప్లీనమ్‌లోకి కారుతూనే ఉంటుంది. దీన్నే షూటర్లు క్రీప్ అంటారు. రాత్రంతా పక్కన పెట్టిన తుపాకీతో పొద్దున కొట్టిన మొదటి షాట్ మిగతావాటితో కలవకుండా ఎక్కడో పడుతుంది, రెండో షాట్ నుంచి అంతా మామూలే. ఇలా జరిగితే అనుమానించాల్సింది చేతిని కాదు. కాబట్టి ఫిల్ నాజిల్‌ను ప్రతిసారీ గుడ్డతో తుడిచి బిగించాలి, పోర్టుకు మూత ఉంచాలి, తుపాకీ సంచిని బండల యార్డు పక్క వరండాలో పెట్టకూడదు. ఇంత శ్రద్ధ పెట్టే ఓపిక లేనివాళ్ళకు రెగ్యులేటర్ లేని సాదా వాల్వే నమ్మకమైన నేస్తం.

ఒక హెచ్చరికకు మాత్రం మినహాయింపు లేదు. పంపు కొట్టలేక వెల్డింగ్ షాపు ఆక్సిజన్ సిలిండర్ వైపు ఎవరూ చూడకూడదు. అధిక పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్‌కు చిటికెడు నూనె లేదా గ్రీజు తగిలితే చాలు, తుపాకీ బాంబుగా మారుతుంది. రైఫిల్‌లోకి వెళ్ళాల్సింది పొడి గాలి మాత్రమే. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు వాడాలి, కుట్టుమిషన్ నూనె, ఇంజన్ ఆయిల్ కాదు.

అడవి అంచు ఊళ్ళలో చెప్పక తప్పని మాట ఇంకొకటి. ఎంత మంచి తుపాకీ అయినా చేనులో పడ్డ అడవి పంది మీదకో నెమలి మీదకో గురి పెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసే. రెగ్యులేటర్ ఉన్నదీ లేనిదీ అక్కడ ఎవరూ అడగరు.

అన్నీ ఆలోచించాక వేయించుకోవాలనే నిర్ణయానికి వస్తే, బిగించడంతో పని అయిపోదు. పాత హామర్ స్ప్రింగ్ 200 బార్‌ను ఎదిరించేందుకు కుదిర్చినది. 120 బార్ వాల్వ్ మీద అదే దెబ్బ పడితే వాల్వ్ అవసరానికి మించి తెరుచుకుని గాలి వృథా అవుతుంది. పెల్లెట్ బ్యారెల్ దాటిపోయాక కూడా గాలి బుస్సుమంటుంది. స్ప్రింగ్ బిగువును కొంచెం కొంచెం వదులుతూ ప్రతి మెట్టులో మూడు నాలుగు షాట్లు క్రోనో మీద కొట్టి చూడాలి. మొదట వేగం కదలదు. ఒకచోట తగ్గడం మొదలవుతుంది. అక్కడి నుంచి ఇంకాస్త వదిలి, వేగం మూడు నాలుగు శాతం తగ్గిన దగ్గర స్థిరపరిస్తే గాలి ఖర్చు, వేగం రెండూ అదుపులో ఉంటాయి. ఈ పని చేయకుండా రెగ్యులేటర్ బిగించి ఇచ్చే మెకానిక్ సగం పనే చేశాడు. రెగ్యులేటర్‌ను విప్పేముందు సిలిండర్ పూర్తిగా ఖాళీ చేయాలన్నది వేరే చెప్పక్కర్లేదు, కానీ గేజ్ సున్నా చూపించిందని నమ్మి స్పానర్ పట్టేవాళ్ళు ఉన్నారు. గేజ్ ఇరుక్కుపోయి ఉండవచ్చు, ప్లీనమ్‌లో గాలి మిగిలి ఉండవచ్చు. పెల్లెట్ లేకుండా, సురక్షిత దిశలో రెండు మూడుసార్లు ట్రిగ్గర్ నొక్కి, గాలి శబ్దం పూర్తిగా ఆగాకే విప్పాలి.

సెకండ్ హ్యాండ్ మ్యాచ్ రైఫిల్ దొరికితే లెక్క మారుతుంది, అందులో రెగ్యులేటర్ ఎలాగూ ఉంటుంది. కొనేముందు సాయంత్రం నింపి, పది షాట్లు కొట్టి, రాత్రంతా వదిలేసి పొద్దున మళ్ళీ పది కొట్టి చూడాలి. మొదటి షాట్ వేగం మిగతా తొమ్మిదింటితో కలిస్తే సీటు బాగున్నట్టు. ఆ తర్వాత సిలిండర్ మీద చెక్కిన తేదీ చదవాలి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం సిలిండర్ ఆయుష్షు గరిష్ఠంగా పదేళ్ళు, గడువులో ఉందో లేదో చూసుకునే బాధ్యత షూటర్‌దే. తేదీ దాటిన సిలిండర్‌తో వెళ్తే పోటీ రోజున పరికరాల తనిఖీ దగ్గరే ఆగిపోవచ్చు. బేరమాడేటప్పుడు కొత్త సిలిండర్ ధర కూడా కలుపుకునే మాట్లాడాలి.